కరపత్రంలో ‘తదితరులు’

ప్రశ్న: అమ్మా, నమస్కారం. మాది తెనాలి పక్కన పల్లెటూరు. నాకు 57 ఏళ్లు. ముప్పై నాలుగేళ్లుగా పద్యనాటకాలకు హార్మోనియం వాయిస్తున్నాను. 2020 ఉగాది రోజునే లాక్‌డౌన్ మొదలైంది గదా. ఆ శ్రీరామనవమికి ఒప్పుకున్న పదకొండు నాటకాలూ పోయాయి. మరుసటేడు నవమికీ అదే గతి. అరటితోటల్లో గెలలు మోసి ఇల్లు గడుపుకున్నాం. పద్నాలుగు మంది ఉన్న మా ట్రూపులో ఇప్పుడు మిగిలింది ఎనిమిది మందిమి. మా మేనల్లుడు బెర్లిన్‌లో ఉంటాడు. అక్కడ వాడి పక్క గదిలో ఉండే గిటార్ మాస్టారుకి నాలుగు రోజుల్లో 5,000 యూరోలు బ్యాంకులో వేశారట. ఇంగ్లండులో కళలకోసం వేల కోట్లు ఇచ్చారట. మరి మనకెందుకు ఇవ్వలేదు? ఆ రెండేళ్ల నష్టపరిహారం అడుగుతూ మా కళాకారుల సంఘం వాళ్లు కలెక్టరుగారికి వినతిపత్రం రాస్తున్నారు, నన్నూ సంతకం పెట్టమంటున్నారు. పెట్టమంటారా? ఇంకొకటి. మా అబ్బాయి తబలా వాయిస్తాడు, 24 ఏళ్లు. ‘నాన్నా, పెట్టె అమ్మేయ్, నేను కంప్యూటర్ కోర్సులో చేరతా’ అంటున్నాడు. మా నాన్న కొన్న జర్మన్ రీడ్ల హార్మోనియం పెట్టె అది. ఏం చేయమంటారు?

జవాబు:

మాస్టారూ,

మీరు మూడు అడిగారు. పెట్టె సంగతి ఆఖర్న రెండు ముక్కల్లో ముగించారు గానీ, అసలు ఈ ఉత్తరం మీ చేత రాయించింది అదేనని నా అనుమానం. దాన్ని నేనూ ఆఖరికే ఉంచుతాను. ముందు మీ మేనల్లుడి మాట చూద్దాం.

అతను చెప్పింది నిజమే, కాకపోతే సగమే చెప్పాడు. 2020 మార్చి ఆఖర్లో బెర్లిన్ ప్రభుత్వం సొంతంగా పని చేసుకు బతికేవాళ్లకీ, చిన్నచిన్న వ్యాపారాలకీ అత్యవసర సాయం ప్రకటించింది. దరఖాస్తు ఆన్‌లైన్‌లో. లక్ష మందికి పైగా ఒకేసారి వెబ్‌సైటు మీద పడ్డారు. తిరుమల సర్వదర్శనం కంపార్టుమెంటులో కూర్చున్నట్టు ఇళ్లల్లో కంప్యూటర్ల ముందు కూర్చుని, తమ వంతు ఎప్పుడొస్తుందా అని నెంబరు చూసుకున్నారు. వంతు వచ్చినవాడు పన్ను నెంబరు, బ్యాంకు ఖాతా నెంబరు కొట్టాడు. కొద్ది రోజుల్లో డబ్బు పడింది. 5,000 యూరోలంటే అప్పటి లెక్కన మన నాలుగు లక్షల రూపాయలు. 

మిగతా సగం ఇది. తర్వాతి ఏళ్లలో జర్మనీ అంతటా చాలామందికి ‘తీసుకున్నది వెనక్కి కట్టండి’ అని ఉత్తరాలు వెళ్లాయి. బెర్లిన్ ఇచ్చింది కాక జర్మనీ కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన అత్యవసర సాయం వృత్తి ఖర్చులకే, అంటే దుకాణం అద్దె, సామాను అద్దె లాంటివాటికే. ఇంట్లో బియ్యానికి వాడకూడదు. పడగ్గదిలో కూర్చుని గిటార్ నేర్పేవాడికి దుకాణం అద్దె ఎక్కణ్నుంచి వస్తుంది? వాడికి ఖర్చంటే వాడి కడుపే. ఈ నియమం రాసినాయన ఏనాడూ నాటకం ఆడి ఉండడు.

అయినా వాళ్లు మనకన్నా మెరుగే. ఎందుకు మెరుగో ఊరికే ‘ధనిక దేశం’ అనేసి వదిలేస్తే ఈ జవాబుతో మీకు పని లేదు. నాకు తెలిసిన కారణం వేరు. జర్మనీలో 1983 నుంచీ కళాకారుల సాంఘిక బీమా నిధి అని ఒకటుంది. చిత్రకారుడు, వాద్యకారుడు, రచయిత ఎవరైనా అందులో చేరితే ఆరోగ్య బీమాకీ, పింఛనుకీ సగం వాటా తను కడతాడు. 30 శాతం ఆ కళను వాడుకుని డబ్బు చేసుకునే కంపెనీలు కడతాయి. 20 శాతం కేంద్ర ప్రభుత్వం ఇస్తుంది. అంటే కరోనా రావడానికి ముప్పై ఏడేళ్ల ముందే అక్కడ ఎవరు కళాకారుడు, ఏడాదికెంత సంపాదిస్తాడు అన్నది ఒక పుస్తకంలో ఎక్కి ఉంది. ఆ తర్వాత కళారంగం తిరిగి తెరుచుకోవడానికని 2020లో వంద కోట్ల యూరోలు, 2021లో మరో వంద కోట్లు కేటాయించారు.

ఫ్రాన్సు వాళ్లది ఇంకో పద్ధతి. అక్కడ రంగస్థలం మీదా సినిమాల్లోనూ రోజుకూలీ లెక్కన పనిచేసేవాళ్లు ఏడాదిలో 507 గంటలు పని చూపించుకుంటే, పని లేని రోజులకి భృతి వస్తుంది. నటుడికే కాదు, లైట్లు కట్టేవాడికీ వస్తుంది. కరోనా వచ్చి థియేటర్లు మూసేస్తే 507 గంటలు ఎక్కణ్నుంచి తెస్తారు? అందుకని ‘ఈ ఏడాది లెక్కలోకి రాదు’ అని ప్రభుత్వం ప్రకటించి, పాత భృతినే ముందు 2021 ఆగస్టు దాకా, తర్వాత డిసెంబరు దాకా పొడిగించింది. కొత్త దరఖాస్తు లేదు, కొత్త సర్వే లేదు. ఉన్న జాబితాలో తేదీ ఒక్కటి మార్చారు.

ఇక ఇంగ్లండు. మీ మేనల్లుడు ‘వేల కోట్లు’ అన్నది దీన్నే. 2020 మార్చి 16న లండన్ థియేటర్లు మూతపడ్డాయి. జూలై 5న ప్రభుత్వం 157 కోట్ల పౌండ్ల నిధి ప్రకటించింది, మన లెక్కలో దాదాపు పద్నాలుగు పదిహేను వేల కోట్ల రూపాయలు. థియేటర్లు, మ్యూజియంలు, సంగీత శాలలు, పాత కోటలు, సినిమా హాళ్లు అన్నిటికీ కలిపి. కొన్నిటికి ఊరికే ఇచ్చారు, పెద్దవాటికి అప్పుగా ఇచ్చారు. వాళ్ల నేషనల్ థియేటరుకి దాదాపు రెండు కోట్ల పౌండ్ల అప్పు వచ్చింది. ఆ నిధి లేకపోతే ఎన్ని భవనాలకి తాళాలు పడేవో. అది చిన్న విషయమని నేననను. తాళం పడ్డ థియేటరు ఫంక్షన్ హాలు కావడం మన ఊళ్లలో చూడలేదా?

అయితే మాస్టారూ, ఆ డబ్బు వెళ్లింది భవనాలకీ సంస్థలకీ. అక్కడి రంగస్థలం మీద పనిచేసేవాళ్లలో ఎక్కువమంది మీలాంటివాళ్లే. ఒక నాటకానికి ఒప్పుకుంటారు, అది అయిపోతే ఇంకోటి. జీతం లేదు, నెల తిరిగితే వచ్చేది లేదు. అలాంటివాళ్లకోసం విడిగా స్వయం ఉపాధి సాయం ఉంది గానీ, దానికి 2018-19 పన్ను కాగితం ఉండాలి, రాబడిలో సగానికి మించి సొంత పని మీద వచ్చి ఉండాలి. పగలు బడిలో ఉద్యోగం, రాత్రి నాటకం అన్నవాడు పోయాడు. ఆ ముందటేడే రంగంలోకి దిగిన కుర్రాడు పోయాడు. సొంతంగా చిన్న కంపెనీ పెట్టుకుని అందులోంచి డబ్బు తీసుకునేవాళ్లూ పోయారు. గోడకి సాయం అందింది, గోడ మధ్య పాడేవాడు జల్లెడలోంచి జారిపోయాడు.

అప్పుడే ఇంకో తమాషా జరిగింది. 2020 అక్టోబరు 12న, ఆ నిధిలోంచి 1,385 సంస్థలకి 25.7 కోట్ల పౌండ్లు ఇస్తున్నామని గొప్పగా ప్రకటించారు. సరిగ్గా అదే రోజు ప్రభుత్వం మద్దతున్న ఒక పాత ప్రకటన జనం కంటబడింది. బాలే నర్తకి ఒకమ్మాయి బెంచీ మీద కూర్చుని చెప్పుల తాళ్లు కట్టుకుంటూ ఉంటుంది. పక్కన రాసి ఉంటుంది: ‘ఫాతిమా తర్వాతి ఉద్యోగం సైబర్ రంగంలో కావచ్చు, ఆమెకింకా తెలియదంతే’ అని. దేశమంతా భగ్గుమంది. చివరికి సాంస్కృతిక మంత్రే అది మోటుగా ఉందని ఒప్పుకున్నాడు, ప్రకటన తీసేశారు. మీ అబ్బాయి మాట చదవగానే నాకు ఆ ఫాతిమా గుర్తొచ్చింది. అతని సంగతికి మళ్లీ వస్తాను.

ఇప్పుడు మనూరికి వద్దాం. మనకెందుకు ఇవ్వలేదు అన్నారు. 2020 మే 26న మన రాష్ట్రంలో అర్చకులకి, పాస్టర్లకి, ఇమాములకి, మౌజన్లకి తలా 5,000 ఇచ్చారు. జూన్ 10న దర్జీలకి, రజకులకి, నాయీ బ్రాహ్మణులకి 10,000 చొప్పున దాదాపు రెండున్నర లక్షల మందికి వేశారు. సొంత ఆటో ఉన్నవాళ్లకి 10,000 ఇచ్చారు. మగ్గం ఉన్న నేతన్నలకి 24,000 ఇచ్చారు. తెలంగాణలో మరుసటేడు ఏప్రిల్‌లో ప్రైవేటు బడుల టీచర్లకి నెలకి 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చారు. సినిమా పనివాళ్లకి ప్రభుత్వం కాకపోయినా చిరంజీవిగారు పెట్టిన కరోనా క్రైసిస్ చారిటీ సరుకులు పంచింది.

వీళ్లందరికీ ఉన్నది, మనకి లేనిది ఏమిటో చూడండి. ఆటోకి ఆర్‌సీ బుక్కు ఉంది. మగ్గం ఇంట్లో కనబడుతుంది, వాలంటీరు వచ్చి ఫొటో తీసుకెళ్లాడు. బడికి ప్రభుత్వ రికార్డుల్లో నెంబరుంది. సినిమా వాళ్లకి ఇరవై నాలుగు శాఖల యూనియన్ కార్డులున్నాయి. హార్మోనియం మాస్టారుకి ఏముంది? మీరు ఎక్కడ పనిచేస్తారంటే రాత్రి పదకొండు తర్వాత ఫలానా ఊరి రామాలయం పందిట్లో. తెల్లారేసరికి ఆ పందిరి కూడా ఉండదు.

మీకిది ఎత్తిపొడుపులా వినబడుతుందేమో. నా సంగతొకటి చెబుతాను. ఇరవై ఏళ్లు ఒక నాటక సమాజానికి లెక్కలు రాశాను. మా దగ్గర ఒక పెద్దాయన ఉండేవారు. వేషం కట్టరు, పద్యం పాడరు. సీన్లు కట్టడం, పరదా లాగడం, తెల్లారి మేకప్ పెట్టె తుడిచి సర్దడం ఆయన పని. నలభై ఏళ్లు చేశారు. ఆయన పింఛను కాగితాలు పట్టుకుని ఒక ఆఫీసుకి నేనే వెంట వెళ్లాను. గుమస్తా మంచివాడే. ‘ఈయన కళాకారుడనడానికి ఆధారం చూపించండమ్మా’ అన్నాడు. నా సంచిలో పదిహేడు కరపత్రాలున్నాయి. బల్ల మీద పరిచాను, గులాబీవి, పసుపువి, మడతల దగ్గర చిరిగినవి. అతను ఒక్కోటీ వేలు పెట్టి చదివాడు. కృష్ణుడు ఫలానా, అర్జునుడు ఫలానా, దుర్యోధనుడు ఫలానా. హార్మోనియం పేరు నాలుగింట్లో ఉంది. తబలా రెండింట్లో. మా పెద్దాయన పేరు ఒక్కదాంట్లోనూ లేదు. ప్రతి కాగితం చివరా ‘తదితరులు’ అని మాత్రం ఉంది. ‘ఈ తదితరుల్లో ఈయన ఉన్నాడమ్మా?’ అని అడిగాడు గుమస్తా. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. నేను ఏమీ చెప్పలేకపోయాను. ఆ కరపత్రాల్లో సగం రాయించిందీ అచ్చు వేయించిందీ నేనే.

అందుకే మీ వినతిపత్రం మాటకి నా జవాబు సూటిగా ఉంటుంది. సంతకం పెట్టండి. కాకపోతే ఆ కాగితాన్ని తిరగరాయించి పెట్టండి. ‘రెండేళ్ల నష్టపరిహారం ఇప్పించి ఆదుకోవలసిందిగా ప్రార్థన’ అని రాస్తే ఏమవుతుందో నాకు తెలుసు, మీకూ తెలుసు. కలెక్టరుగారు ఆకుపచ్చ సిరాతో ఏదో రాసి సాంస్కృతిక శాఖకి పంపుతారు. వాళ్లు ‘ఎంతమంది? ఎవరెవరు? ఒక్కొక్కరికి ఎంత నష్టం?’ అని తిప్పి పంపుతారు. మన దగ్గర సమాధానం ఉండదు. అక్కడితో సరి. గడిచిపోయిన ఆ రెండేళ్లకి ఇప్పుడు ఏ ప్రభుత్వమూ చెక్కు రాయదు. ఆ ఆశ మీద ఇంకో అయిదేళ్లు కూర్చోకండి.

మరి ఏం అడగాలి? మీ జిల్లాలోనే ఒక నమూనా ఉంది, నిజాంపట్నం, సూర్యలంక వైపు వెళితే... ఆగండి, అవి ఇప్పుడు బాపట్ల జిల్లాలోకి వెళ్లాయి కదూ. ఏ జిల్లా అయితేనేం. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో వేట ఆపేస్తారు, చేపలు గుడ్లు పెట్టే కాలమని. ఆ రోజులకి మత్స్యకార కుటుంబానికి భృతి ఇస్తారు. అంతకుముందు 10,000 ఉండేది, 2025లో 20,000 చేశారు. అది దానం కాదు. ‘నీ పని నేను ఆపాను కాబట్టి ఆ రోజులకి నేను చూస్తాను’ అని ప్రభుత్వం ఒప్పుకోవడం. పడవకి రిజిస్ట్రేషన్ ఉంది, దాని మీద ఎవరు వెళతారో జాబితా ఉంది, కాబట్టి నడుస్తోంది.

మన పని కూడా ప్రభుత్వం ఆపింది. రోగం వచ్చి ఆపింది, సబబే, ఎవరూ కాదనరు. ఎన్నికల కోడ్ వస్తే రాత్రి పది దాటాక మైకు ఆపమంటారు, అదీ ఆపడమే. 2022 జనవరిలో చింతామణి నాటకాన్ని రాష్ట్రంలో నిషేధించారు. ఆ నిర్ణయం మంచిచెడ్డలు వేరే రోజు మాట్లాడుకుందాం. కానీ రెండేళ్ల కరోనా తర్వాత అప్పుడప్పుడే కాలు కూడదీసుకుంటున్న ట్రూపుల్లో, ఆ ఒక్క నాటకం మీదే బతికేవాళ్లు ఏం తిన్నారని ఎవరైనా అడిగారా? కాబట్టి వినతిపత్రంలో మొదటి కోరిక ఇది: ప్రభుత్వ ఉత్తర్వు మూలంగా ప్రదర్శనలు ఆగిపోయిన కాలానికి, వేట నిషేధ భృతి పద్ధతిలోనే, నమోదైన కళాకారులకి భృతి ఇవ్వాలి. కారణం రోగమైనా, వరదైనా, మరేదైనా.

ఆ ‘నమోదైన’ అన్న మాటే రెండో కోరిక. జిల్లాలో రంగస్థల, జానపద కళాకారుల రిజిస్టరు ఒకటి తెరవాలి, ఏటా కొత్త పేర్లు చేర్చాలి, గుర్తింపు కార్డు ఇవ్వాలి. ఇక్కడ మీరు ఒక్క పని గట్టిగా పట్టుబట్టి చేయించాలి. ‘కళాకారులు’ అని ఒక్క మాట రాసి ఊరుకోనివ్వకండి. పాత్రధారులు, హార్మోనియం, తబలా, క్లారినెట్, మేకప్, సీన్లు, లైట్లు, మైకు అని విడివిడిగా రాయించండి. మన రాష్ట్రంలో డప్పు కళాకారులకి పింఛను వస్తోంది చూశారా, 2024 జూలై నుంచి నెలకి 4,000? జీవోలో ‘డప్పు’ అన్న మాట విడిగా పడింది కాబట్టే వస్తోంది. సంఘం పెద్దలు వేషధారులే అయితే మిమ్మల్నీ సీన్లవాణ్ణీ మళ్లీ తదితరుల్లో కలిపేస్తారు. పెద్దలని నేను తప్పుపట్టడం లేదు, నేనే కలిపానని చెప్పాను కదా.

మూడోది అడగండని చెప్పను గానీ, తెలిసి ఉంటే మాట్లాడటానికి పనికొస్తుంది. ఐర్లండులో కరోనా తర్వాత ఒక ప్రయోగం చేశారు. 2022లో కళాకారుల నుంచి దరఖాస్తులు పిలిచి, అర్హులైన ఎనిమిది వేల పైచిలుకు మందిలో 2,000 మందిని లాటరీ తీసి, వారానికి 325 యూరోల చొప్పున మూడేళ్లు ఇచ్చారు. ఎవరి కళ గొప్పదని ఎవరూ తీర్పు చెప్పలేదు. లాటరీలో రానివాళ్లలో వెయ్యిమందిని పోల్చి చూడటానికి విడిగా పెట్టుకుని, ప్రభుత్వం అడిగిన ప్రశ్నలకి జవాబులిచ్చినందుకు కొద్దిగా డబ్బిచ్చారు. చివర లెక్క చూస్తే పెట్టిన ఒక్కో యూరోకీ సమాజానికి 1.39 యూరోల ప్రయోజనం తేలిందన్నారు. 2025 అక్టోబరు బడ్జెట్టులో దాన్ని శాశ్వతం చేస్తామని ప్రకటించారు. లాటరీ అనగానే మన సంఘంలో నవ్వుతారు. నాకు మాత్రం అది నచ్చింది. సిఫారసు ఉత్తరం కన్నా లాటరీ నిజాయితీ గలది.

సరే, ప్రభుత్వం చేసేది చేస్తుంది. ఈలోపు మీ చేతిలో ఉన్న పనులు చెబుతాను, తేదీలతో ముడిపడి ఉన్నాయి కాబట్టి కాస్త తొందరపడండి.

మీకు 57. కేంద్రం 2021 ఆగస్టులో తెరిచిన కార్మికుల నమోదు వెబ్‌సైటు ఈ-శ్రమ్‌లో అసంఘటిత కార్మికుడిగా పేరు ఎక్కించుకోవడానికి 59 దాకానే అవకాశం. రూపాయి ఖర్చు లేదు. ఆధార్, ఫోను, బ్యాంకు పాస్‌బుక్ పట్టుకుని మీసేవకో కామన్ సర్వీస్ సెంటరుకో వెళ్లండి. అక్కడి కుర్రాడు తొందరలో ‘వ్యవసాయ కూలీ’ అని కొట్టేస్తాడు, మీరు గెలలు మోసిన సంగతి తెలిస్తే మరీనూ. కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని, మీ పనికి దగ్గరి వృత్తి ఏదుందో వెతికించి అదే నొక్కించండి. దానివల్ల రేపే డబ్బు రాదు. రేపు మళ్లీ ఏదైనా వస్తే మీరున్న జాబితా ఒకటి ఉంటుంది.

60 నిండాక కేంద్ర సాంస్కృతిక శాఖ వృద్ధ కళాకారుల సాయానికి అర్హత వస్తుంది, నెలకి 6,000 దాకా ఇస్తారు. ఏడాది ఆదాయం 72,000 లోపు ఉండాలి. మూడేళ్లుంది గదా అనుకోకండి, అక్కడా అడిగేది ఆధారాలే. ఈ మూడేళ్లూ ఆధారాలు పోగేసుకోవడానికే. ఒక పొడుగాటి నోటుబుక్కు కొనండి. ప్రతి నాటకానికీ తేదీ, ఊరు, సందర్భం, నాటకం పేరు, పిలిచినవారి పేరు, ఇచ్చిన డబ్బు రాయండి. కింద ఆ గుడి కమిటీ అధ్యక్షుడి చేతో సర్పంచి చేతో సంతకం పెట్టించండి, స్టాంపు ఉంటే ఇంకా మంచిది. తెల్లారుజామున అలసిపోయి ఉంటారు, మొహమాటపడతారు. అయినా అడగండి. డబ్బు చేతికిస్తానంటే ‘సగం ఫోన్‌పే చెయ్యండి బాబూ’ అనండి. బ్యాంకు పుస్తకంలో ‘నాటకం’ అన్న మాట పడిందంటే ఏ గుమస్తా కూడా ఇంకో ప్రశ్న వేయడు.

ట్రూపులో మిగిలిన ఎనిమిది మందీ కలిసి సొసైటీగా రిజిస్టరు చేసుకోండి. ఇప్పటిదాకా ట్రూపు అంటే నాటకాలు కుదిర్చే కాంట్రాక్టరు ఫోనులో ఉన్న నెంబర్లే కదా. రిజిస్ట్రేషను, పాన్ కార్డు, రెండు మూడేళ్ల ఆడిట్ లెక్కలు ఉంటే కేంద్ర సాంస్కృతిక శాఖ ఇచ్చే గురుశిష్య పరంపర సాయానికి పెట్టుకోవచ్చు. గురువుకి నెలకి 15,000, శిష్యులకి వయసును బట్టి 2,000 నుంచి 10,000 దాకా ఉంటుంది. వెంటనే వస్తుందని ఆశ పెట్టను. నేను మా సమాజానికి మూడుసార్లు పంపితే రెండుసార్లు తిరిగొచ్చింది, ఒకసారి లెక్కల మీద ఆడిటరు సంతకం ఉండి స్టాంపు లేదని.

ఇప్పుడు అబ్బాయి. అతనికి 24 కదా. యువ కళాకారుల స్కాలర్‌షిప్పు 18 నుంచి 25 ఏళ్ల వాళ్లకి, నెలకి 5,000 చొప్పున రెండేళ్లు. కనీసం అయిదేళ్లు గురువు దగ్గర నేర్చుకుని ఉండాలి. ఈ ఏడు ప్రకటన పడగానే పెట్టండి, ఆలస్యం చేస్తే ఆ తలుపు మూసుకుపోతుంది. అతని తబలా గురువుగారి చేత ఏ సంవత్సరం నుంచి నేర్పుతున్నారో రాయించి సంతకం తీసుకోండి. గురువు మీరే అయితే వేరే పెద్దవారి దగ్గరకి పంపండి, తండ్రి రాసిచ్చిన కాగితానికి విలువ తక్కువ.

కంప్యూటర్ కోర్సు మాటకొస్తే, చేరనివ్వండి. ఫాతిమా ప్రకటన చూసి జనం ఎందుకు మండిపడ్డారంటే, ఆ మాట అన్నది ఆమె కాదు, ఆమె థియేటరుకి తాళం వేసిన ప్రభుత్వం. మీ అబ్బాయి తనంతట తాను అంటున్నాడు. పైగా మీరు చెప్పిన లెక్క చూస్తే అతను వయసుకొచ్చాక చూసింది రెండు నవములు ఊడ్చిపెట్టుకుపోవడం, నాన్న భుజం మీద అరటి గెల. వాడు కళని వదిలేస్తానంటున్నట్టు మీకు వినబడుతోంది. నాకు మాత్రం ‘నాన్నా, నువ్వు ఇక గెలలు మోయకు’ అన్నట్టు వినబడింది. నేను తప్పు కావచ్చు. పగలు కోర్సు, రాత్రి తబలా ఎందుకు కుదరదో ఒకసారి కూర్చుని మాట్లాడండి. మన రంగస్థలం మీద సగంమంది బడిపంతుళ్లు, కరణాలు, పోస్టుమాస్టర్లు కాదూ?

ఇక పెట్టె. అమ్మొద్దని నేను చెప్పను. మీ ఇంటి అప్పెంతో నాకు తెలియదు, పెళ్లికెదిగిన ఆడపిల్ల ఉందో లేదో తెలియదు. ఆ పాత జర్మన్ రీడ్లకి వాయించేవాళ్లలో ఎంత గిరాకీ ఉందో మీకు నేను చెప్పక్కర్లేదు. అడిగినవాడు కొత్త పెట్టె ధర చూపించి బేరమాడితే మాత్రం వెళ్లిపొమ్మనండి. నేను చెప్పేది ఒక్కటే, ఈ సీజనులో అమ్మకండి. శివరాత్రి నుంచి నవమి దాటేదాకా వాయించండి, నోటుబుక్కులో రాయండి. ఆషాఢంలో నాటకాలుండవు. అప్పుడు పుస్తకం తెరిచి ఎన్ని రాత్రులు వాయించారో, ఎంత వచ్చిందో కూడండి. అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని కూడండి, లెక్కలు వాడికే బాగా వచ్చుండొచ్చు. అప్పుడు అమ్మాలనిపిస్తే అమ్మండి.

ఈ శివరాత్రికి కరపత్రం ఇంకా అచ్చుకి వెళ్లి ఉండదు. ఈ ఉత్తరం చదవగానే కాంట్రాక్టరుకి ఫోను చేయండి. హార్మోనియం అని వేసి మీ పేరు, తబలా అని వేసి అబ్బాయి పేరు, ఆధార్‌లో ఎలా ఉంటే అలా, ఇంటిపేరుతో సహా వేయమనండి. సీన్లు కట్టేవాళ్ల పేర్లు కూడా అడిగి చెప్పండి. చోటు చాలదంటాడు. విరాళాలిచ్చినవాళ్ల ఫొటోలు కాస్త చిన్నవి చేయమనండి, చాలుతుంది. అచ్చయ్యాక ఒక కాపీ నాకు పంపండి.